ముప్ఫై ఒక్క వేలిముద్రలు

నేను ఇంతవరకు ఒక్కసారి కూడా ఓటెయ్యలేదక్కా.

కదలకు! తల కదిపావంటే పాయ వంకర పోతుంది, మళ్ళీ నన్నే అంటావు. అంటావేంటిలే, అనలేవు ఇప్పుడు. మాట పడిపోకముందు ఎన్ని అన్నావు! "ఒసే కందే, అది జడా, మేక తోకా?" అని ఎంతమందిలో నవ్వించావు నన్ను చూపించి! ఇప్పుడు చూడు, ఊళ్ళో ఆడవాళ్ళందరి తలలూ అల్లిన తలాతు తల ఈ మేకతోకల దాని చేతిలో పడింది.

చూశావా, అప్పుడే మాట మార్చేస్తున్నా.

ఒక్కసారి కూడా వెయ్యలేదు. ఈ ముక్క పైకి అనడం ఇదే మొదలు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అనలేదు, నా చెవికే వినబడుతుందని.

మరి వేలి మీద సిరా సంగతేంటంటావు. ఎన్నికలైన ప్రతి సాయంత్రం కర్ర టకటకలాడించుకుంటూ మా ఇంటికొచ్చి, "ఏదీ, బొటనవేలు చూపించు" అనేదానివి. చూపించేదాన్ని. అది పెన్నులో సిరా. రీఫిల్ పంటితో కొరికి వేలికి రాసుకునేదాన్ని, అది కూడా నువ్వొచ్చే వేళకి కాస్త ఆరేటట్టు చూసుకుని. నువ్వు ఆ వేలు పట్టుకుని ఎంత మురిసిపోయేదానివి! నీ బిడ్డకి మొదటి పన్ను వచ్చినా అంత మురవలేదేమో.

వరసలో నిలబడ్డానక్కా, అబద్ధం కాదు. రెండుసార్లు. ఆడవాళ్ళ వరసలో, ఎండలో, బల్ల దాకా వెళ్ళాను. బల్ల మీద ఆ సిరా పెట్టె ఉంటుంది చూడు. మూత తియ్యగానే వాసనొస్తుంది. అంతే, నా చెయ్యి ముందుకి రాదు. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి బయటికొచ్చేశా.

ఎందుకో చెప్తా. అందుకే నీ వెనక కూర్చున్నా. నీ మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇవాళ మంగళవారం. గురువారం నీ బడి తెరుస్తారు. మంత్రిగారొస్తారట, డోళ్ళొస్తాయట, నిన్ను కుర్చీతో సహా ఎత్తుకుని తీసుకెళ్తారట. తలాతు బాలికల పాఠశాల! దేశంలో ఈ ఉత్తరాన ఆడదానికి ఓటు కావాలని మొట్టమొదట నోరు విప్పిన తలాతు! రేడియోలో ఒకటే మోత.

పొద్దున రకియా వచ్చింది. అదే, యూనివర్సిటీ పిల్ల, నీ కథ రాసుకుంటానని రెండేళ్ళు నీ పక్కనుంచి లేవకుండా కూర్చుందే. "కందే అత్తా, గోడకి పెట్టే బోర్డు తయారైంది, చూడండి" అని ఫోన్‌లో ఫొటో చూపించింది. రేపు పెయింటర్ తెచ్చి బిగించేస్తాడట.

ఆకుపచ్చ మీద తెల్లక్షరాలు. పైన నీ పేరు. కింద, "చివరిదాకా వెంట నిలిచినది: కందే." నా పేరు ఒక్కటే, ఒక వరస మొత్తం. దాని కింద గీత. గీత కింద, "వేలిముద్ర వేసి, తర్వాత భయపడి కాదన్నవారు." ముప్ఫై ఒక్క పేర్లు.

నువ్వే దగ్గరుండి రాయించావు, ఈ పక్షవాతం రాకముందు. ఆ పిల్ల అంది కూడా, "అవ్వా, పోనీయరాదా, వాళ్ళలో సగం మంది పోయారు" అని. "మనుషులు పోతే పేర్లు కూడా పోతాయా? రాయి! వాళ్ళ మనవరాళ్ళు చదవాలి" అన్నావు. నేను పక్కనే వేరుశనగకాయలు ఒలుస్తున్నా. ఒలుస్తూనే ఉన్నా.

మొదటి పేరు అసబె.

ఆ అసబె కొడుకు కూతురు మొన్న ఆ బడిలోనే చేరింది. బడి తెరిచాక పొద్దున్నే సంచీ తగిలించుకుని గేటు దగ్గర నిలబడి, మొదట చదివేది తన నాయనమ్మ పేరు.

అక్కా, ఆ ముప్ఫై ఒక్కమందిలో ఒక్కరు కూడా వేలు పెట్టలేదు.

వాళ్ళు భయపడి కాదనలేదు. ఉన్నమాటే అన్నారు.

ఉండు, ఉండు! సగం జడతో ఎక్కడికి లేస్తావు? నువ్వు నేర్పిన విద్యేగా ఇది. "తల సగం అల్లి ఉన్నప్పుడు చెప్పాలే కందే. ఆ సమయంలో ఏ ఆడదీ లేచిపోలేదు, అంతా వినాల్సిందే" అనేదానివి. మగాడు గడప తొక్కని ఇళ్ళన్నిటికీ దువ్వెన పట్టుకుని వెళ్ళి, తల ఒళ్ళో పెట్టుకుని, చెవిలో ఓటు సంగతి ఊదేదానివి. "పన్ను కట్టాల్సొచ్చినప్పుడు మీ ఆయనకి నీ చేతి మురుగులు గుర్తొస్తాయి, ఓటనేసరికి నీ ముసుగు గుర్తొస్తుందేం?" అని. నా చెవిలోనూ ఊదావు. మొదటిసారి విన్నప్పుడు నాకేమీ అర్థం కాలేదు. నీ వేళ్ళు మాత్రం వెచ్చగా ఉన్నాయి.

నాకప్పుడు పదహారు. షెకరావ్ గారి మూడో పెళ్ళాన్ని. ముందు గది దాటి వీధిలో అడుగు పెట్టింది ఆ ఏడాదంతా కలిపి నాలుగుసార్లు: రెండు చావులు, ఒక పురుడు, ఒక జబ్బు. మిగతా రోజులన్నీ ఆ నాలుగు మట్టిగోడల మధ్యే. వాకిలి నలుచదరంగా ఉండేది కాబట్టి నాకు ఆకాశం కూడా నలుచదరంగానే ఉండేది. మేఘం ఒక గోడ మీద పుట్టి ఇంకో గోడ మీద చచ్చిపోయేది.

ఆ ఏడే ఎన్నికలు. దక్షిణాన లాగోస్‌లో చేపలమ్ముకునే ఆడది కూడా ఓటేస్తుందట, ఇక్కడ మనకి మాత్రం లేదట. నువ్వు తెల్లదొరకి అర్జీ రాయించావు. ఒక్క తలాతు మాటంటే దొర నవ్వుతాడు, అడ్డతెరల వెనక ఉన్న ఇల్లాళ్ళ వేలిముద్రలు కావాలి. మా పేటలో అసబె ఇంట్లో బిడ్డకి పేరు పెడుతున్నారు. ఆ రోజు పేటలోని ఆడవాళ్ళకి బయటికొచ్చే అనుమతి ఉంటుంది. ముందే అందరితో మాట్లాడి ఒప్పించావు. కాగితమూ సిరా పెట్టే మాత్రం నువ్వు తీసుకెళ్ళడానికి లేదు, ఆడవాళ్ళు గుమిగూడే రోజున ఖాజీ మనుషులు నీ మూట వీధి మొగలోనే వెతుకుతారు. అందుకని వారం ముందే తెచ్చి నా చేతిలో పెట్టావు. పేర్లు రాయడం కూడా నువ్వే నేర్పావు. "నువ్వు చిన్నదానివి, నిన్నెవరూ అనుమానించరు. మోసేదానివి, నీ పేరు వద్దు, మిగతా ముప్ఫై ఒక్క మందే. నీవల్లవుతుంది" అన్నావు.

నావల్ల అవుతుందని అంతకుముందు ఎవరూ అనలేదక్కా. వంట కూడా.

కాగితం సజ్జల కుండలో దాచా. ఆ రోజు పొద్దున్నే గోరింట పెట్టుకుని, నీలం బట్ట చుట్టుకుని, కాగితం నడుముకి కట్టుకుని, ఆయన దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని అడిగా. "అసబె ఇంటికెళ్ళొస్తానండీ."

ఆయన తస్బీ పూసలు తిప్పుతూ జపం చేసుకుంటున్నాడు. తలెత్తి కూడా చూడలేదు. "ఇవాళ వద్దు" అన్నాడు.

అంతే. కోపంగా కూడా కాదు. కారణం లేదు. వాన పడేలా ఉందనీ లేదు, చుట్టాలొస్తారనీ లేదు. ఇవాళ వద్దు. ఇంకోసారి అడిగా. వినబడనట్టు తస్బీ తిప్పుకున్నాడు. మూడోసారి అడిగితే "ఏముంది అక్కడ అంత?" అని తలెత్తాడు. నడుము దగ్గర కాగితం పెళపెళమన్నట్టనిపించి నేనే వెనక్కొచ్చేశా.

పెద్దావిడ దెలు వెళ్ళింది. తలుపు దగ్గర ఆగి, "పాపం, అసబెకేమన్నా చెప్పాలా?" అంది. ఇచ్చేద్దామనుకున్నా. చెయ్యి నడుము దాకా వెళ్ళింది. సవతి కదా, ఆయనకి చెప్పేస్తుందేమోనని ఇవ్వలేదు. "చెప్పేదాన్ని కాదే వెర్రిమొహమా, నేనూ వేలు పెట్టాలని చూశా" అని ముప్ఫై ఏళ్ళ తర్వాత అంది. ఏం లాభం?

మర్నాడు పొద్దున నువ్వొస్తావు. నీకేం చెప్పను? "మా ఆయన వద్దన్నాడు" అనా? ఊరు ఊరంతా నీకు చెప్పే మాటే అది. నేను కూడా అదే చెప్పాలా?

ఆయన నమాజుకెళ్ళాక కాగితం పరిచా. అసబె అని రాసి నా కుడి బొటనవేలు. లాంతానా అని రాసి ఎడమది. తర్వాత చూపుడు వేలు, పక్కకి తిప్పి ఇంకొకటి, చివర మాత్రం తగిలించి మరొకటి. పదో పేరు దాటేసరికి వేళ్ళయిపోయాయి. కాలివేళ్ళు మొదలుపెట్టా! ఒంటికాలి మీద నిలబడి, గోడ పట్టుకుని, కాలి బొటనవేలు సిరాలో ముంచి, కాగితం మీద…

నవ్వుతున్నావా? భుజాలు కదిలాయి. నవ్వు కాదా?

నేను నవ్వానక్కా. ఆ రోజు పొట్ట పట్టుకుని నవ్వా. నిజం చెప్పనా? నా బతుకులో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఒక్కో వేలు పెడుతున్నప్పుడు ఆ మనిషి ఇంట్లోకి వెళ్ళొచ్చినట్టుంది. అసబె ఇల్లు, లాంతానా ఇల్లు, మూల మీద గుడ్డావిడ ఇల్లు. ఒక గంటలో ముప్ఫై ఒక్క గడపలు తొక్కి వచ్చా, ఆ వాకిలి దాటకుండా. తప్పు చేస్తున్నానని తోచనే లేదు. వాళ్ళు ఒప్పుకున్నారుగా, వాళ్ళ బదులు నేను పెట్టా, అనుకున్నా. పెళ్ళిలో నా బదులు మా నాన్న ఒప్పుకున్నాడు, అది చెల్లింది. ఇది ఎందుకు చెల్లదు?

మర్నాడు నువ్వొచ్చి కాగితం చూసి ఏడ్చావు. "చూశావే, మన ఆడవాళ్ళు! చూశావే!" అని. నువ్వు ఏడవకపోయి ఉంటే చెప్పేదాన్నేమో.

తర్వాతది నీకు తెలుసు. నీకు తెలిసింది సగం.

దొర భూతద్దం పెట్టి చూసి, ఇవన్నీ ఒక్క మనిషివే అన్నాడు. "ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్ళంటే భయమేసి అలా అంటున్నాడు" అన్నావు నువ్వు. ఇన్నేళ్ళూ అదే అన్నావు, సభల్లో, రేడియోలో. కాదక్కా. దొర చెప్పింది నిజం. ఆ ఒక్కసారికీ వాడు నిజం చెప్పాడు.

దొర ఆ కాగితం పంపితే ఖాజీ మొగుళ్ళందరినీ పిలిపించి, మీ ఆడవాళ్ళని అడిగి రమ్మన్నాడు. ఆ ఆడవాళ్ళంతా వేలు పెట్టలేదన్నారు. నువ్వు తప్పుడు కాగితం పుట్టించావన్నారు. ఎవరు తెచ్చారని ఖాజీ నిలదీస్తే, "గాలి తెచ్చింది" అన్నావట. నా పేరు చెప్పి ఉంటే దెబ్బలు తప్పేవి.

పన్నెండు. సంతలో, అందరి ముందు. ఆ వేళకి నేను రోట్లో సజ్జలు దంచుతున్నా. దంచిందే దంచుతున్నా. పిండి ఎప్పుడో అయిపోయింది, వట్టి రోలే దంచుతున్నా, ఏదీ వినబడకూడదని. జైల్లో పొడి కత్తితో నీ తల గొరిగేశారని దెలు వచ్చి చెప్పింది. జడలల్లుకుని బతికే మనిషికి!

నెల తర్వాత తలకి గుడ్డ కట్టుకుని తిన్నగా మా ఇంటికే వచ్చావు. "అందరూ కాదన్నారే. నువ్వొక్కదానివే మిగిలావు నాకు" అన్నావు.

ఆ మాటతో నన్ను లోపల పెట్టి గొళ్ళెం వేసేశావక్కా. మా ఆయన గడపైనా ఆయన పోయాక దాటాను. నీ మాట మాత్రం దాటలేకపోయాను. సైనికుల ప్రభుత్వం పదిహేడేళ్ళ తర్వాత ఏదో హుకుంలో ఒక ముక్క రాసి ఓటు మన మొహాన పారేసింది కదా, ఆ రోజు నువ్వు మా ఇంట్లో అన్నం తింటూ, "ఆ ముప్ఫై ఒక్కమందిలో ఎవరూ దీనికి తగరు" అన్నావు. నేను నీ గిన్నెలో ఇంకో గరిటె వడ్డించా. పెళ్ళిళ్ళకి వెళ్తే వాళ్ళు నీకు సలాం చెప్పేవాళ్ళు, నువ్వు మొహం తిప్పుకునేదానివి. ఎందుకు తిప్పుకుంటున్నావో వాళ్ళకి అర్థమయ్యేది కాదు. మళ్ళీ ఆ పేటలో ఒక్క తల అల్లలేదు నువ్వు. నేను నీ పక్కనే, నీ ముసుగు సర్దుతూ.

ఇప్పుడు నీకు తెలియని సగం.

ఆ రోజు అసబె ఇంట్లో ఆడవాళ్ళందరూ కాగితం కోసం ఎదురుచూశారు. మధ్యాహ్నం దాకా కూర్చున్నారట, చేతులు కడుక్కుని. దెలు కళ్ళతో చూసింది. ఖాజీ అడగమన్నాడని అసబె మొగుడు ఇంటికెళ్ళి అడిగితే, మిగతావాళ్ళలా "లేదు" అని ఊరుకోలేదు అసబె. "పెట్టలేదు. కాగితం రాలేదు. వచ్చి ఉంటే పెట్టేదాన్ని" అంది. పేరు పెట్టి నెలన్నా కాని బిడ్డ ఒళ్ళో ఉండగా.

మూడు తలాక్‌లు అక్కడే చెప్పేశాడు. బిడ్డ పాలు మానగానే తండ్రి వాళ్ళు లాగేసుకున్నారు. అసబె దూరాన జోస్ పట్నానికి వెళ్ళిపోయింది. అక్కడ బియ్యప్పిండి అట్లు పోసి అమ్ముకుని బతికింది. ఆ బిడ్డ కూతురే ఇప్పుడు నీ బడిలో చేరింది.

ఆ మాట అన్న మనిషి పేరు, అక్కా, బోర్డు మీద భయపడినవాళ్ళలో మొదటిది. ఏమీ అనని నా పేరు గీతకి పైన.

చెప్పేశా. పొద్దుటినుంచీ చెప్పాలని నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లు జావ కలిపి వెళ్ళిపోయా.

ఏదో ఒకటి చెయ్యక్కా. ఎడమ చెయ్యి పనిచేస్తుందిగా, కొట్టు. జుట్టు పట్టుకో. ఇలా రాయిలా కూర్చోకు.

అబ్బా, తల లాక్కున్నావు. సరే, తిరుగు. తిప్పనా? ఇదిగో. చూడు నా మొహం.

నీకు కన్నీళ్ళొస్తున్నాయా, ఆ కన్ను ఎప్పుడూ అలా కారుతూనే ఉంటుందా, నాకు తెలియడం లేదు.

ఏం కావాలి? నీళ్ళా? కాదు? బయటికి పొమ్మంటావా? పోతా. చాప మీద ఏం తడుముతున్నావు… ఫోనా? నా వైపెందుకు తోస్తున్నావు దాన్ని?

రకియాకేగా? చేస్తాలే. బోర్డు బిగించొద్దని చెప్తా. కానీ నువ్వు ఆలోచించుకో. ఆ పిల్ల అడుగుతుంది, చెప్పాల్సొస్తుంది. దొంగ కాగితమని అప్పుడన్నవాళ్ళంతా, చూశారా మేమన్నామా అంటారు. నీ పన్నెండు దెబ్బలూ న్యాయమే అంటారు. గురువారం మంత్రి రాకపోవచ్చు, బడికి నీ పేరే తీసేయొచ్చు. నీకు సమ్మతమేనా? సమ్మతమైతే కళ్ళు ముయ్యి.

మూశావు.

కందే అనే నీ మనిషి దొంగదని తేలుతుంది, అదీ సమ్మతమేనా? అంత గట్టిగా మూయక్కర్లేదులే.

సరే. రకియాకి చేస్తున్నా… కాదా? మళ్ళీ కాదంటావేం? తల అలా ఊపితే నాకేం అర్థమవుతుంది! ముందు రకియాకి కాదు. మరి ఇంకెవరికి?

అమ్మో. అసబెకా?

వద్దక్కా. ఆ పిల్లకైతే చెప్పగలను, చిన్నది, కాసేపు తెల్లబోయి రాసుకుంటుంది. అసబెతో నేనేం మాట్లాడను? దెలు పోయినప్పుడు పరామర్శకి ఫోన్ చేసింది. "కందే, నువ్వు బాగున్నావా? తలాతు నా సలాం ఎందుకు తీసుకోదే?" అంది. టవర్ లేదని పెట్టేశా. ఆ నంబరు పేరు లేకుండా ఉంది ఇందులో, కొట్టెయ్యనూ లేదు, నొక్కనూ లేదు.

చెయ్యి తియ్యి. చేస్తానంటున్నాగా, చెయ్యి తియ్యి, కనబడటం లేదు.

నువ్వింకా మారలేదు. ఒళ్ళు సగం పడిపోయినా, ఎవరి ఇంటికి ముందు వెళ్ళాలో నువ్వే చెప్పాలి. తను ముందు వినాలి అంటావు, అంతేగా? గోడ సంగతి తర్వాత. నిజమే. ఊరందరి తర్వాత తెలియడానికి అదేం చేసింది పాపం?

ఎవరూ అని అడుగుతుంది. కందేని అంటా. కాగితం రాకపోవడం నావల్లే, నీ పేరు మీద వేలు నాదే అంటా. అంతకంటే అందంగా చెప్పడం నాకు రాదు. బిడ్డ సంగతి ఎత్తుతుంది. ఎత్తనీ. తిట్టనీ. పెట్టేస్తే మళ్ళీ చేస్తా, అప్పుడూ పెట్టేస్తే ఇంకోసారి. క్షమిస్తుందని కాదు. డెబ్బై దాటిన మనిషి, ఎందుకు క్షమించాలి? క్షమించకపోతే లేదు, ఏం చేస్తాం.

సున్నా ఎనిమిది… ఆ, ఇదే.

చేస్తున్నా.